మేనరికం దూడలకూ ముప్పే!

ఆవు ఈనింది. దూడ లేవబోతే కాళ్ల దగ్గర చర్మం ఒలిచినట్టు ఊడిపోతోంది. నోట్లో పుండ్లు. గిట్టలూ విడిపోతున్నాయి. మందుల్లేవు. పాపం, ఆ దూడ బతకదు.

బెల్జియన్ బ్లూ అనే విదేశీ జాతిలో ఇలాంటి దూడలు పుడుతుంటే కారణమేమిటా అని శాస్త్రవేత్తలు జన్యువుల్ని గాలించారు. 2015లో గుట్టు తెలిసింది. లామినిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేయించే ఒక జన్యువులో లోపం ఉంది.

చర్మం పైపొరను లోపలి పొరకు అతికించి ఉంచేది లామినినే. ఉక్కునగరం విశాఖ భాషలో చెప్పాలంటే రెండు రేకుల్ని పట్టి ఉంచే వెల్డింగు లాంటిదన్నమాట. అది సరిగా పడకపోతే కాస్త రాపిడికే చర్మం లేచిపోతుంది. మనుషుల్లోనూ ఇదే జన్యువు చెడితే పసిపిల్లలకు ఇలాంటి జబ్బే వస్తుంది.

చిత్రమేమిటంటే, ఆ దూడ తల్లీ తండ్రీ నిక్షేపంగా ఉంటాయి. ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. లోపాన్ని మోస్తున్న ఆవూ ఆంబోతూ జతపడితేనే చిక్కు. అప్పుడు పుట్టే ప్రతి దూడకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఎక్కడో బెల్జియం సంగతి మనకెందుకు అనుకోవద్దు. విశాఖపట్నం, నంద్యాల వంటి చోట్ల ఘనీకృత వీర్య కేంద్రాలున్నాయి. వీర్యాన్ని సన్నని గొట్టాల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాచి, ఊరూరికీ పంపుతారు. అలా ఒక్క ఆంబోతే వేల దూడలకు తండ్రి కావచ్చు. దాని మంచీ చెడూ కూడా అన్ని కొట్టాలకూ చేరతాయి.

ఇదివరకు జరిగిందీ అదే. 1952లో అమెరికాలో పుట్టిన ఆస్‌బర్న్‌డేల్ ఐవన్‌హో అనే హోల్‌స్టీన్ ఆంబోతుకు పాడిలో గొప్ప పేరు. రోగనిరోధక శక్తిని దెబ్బతీసే జన్యులోపమూ దాని సంతానం ద్వారా దేశదేశాలకూ పాకింది. ఆ లోపం ఉందేమో చూశాకే మన వీర్య కేంద్రాల్లోకి హోల్‌స్టీన్, సంకరజాతి ఆంబోతుల్ని తీసుకోవాలన్నది ఇప్పటి నిబంధన.

మరి రైతు చేయాల్సిందేమిటి? వీర్యం గొట్టంపై ఆంబోతు నంబరు ఉంటుంది. దాన్ని రాసి పెట్టుకోవాలి. పెయ్య ఎదకొచ్చినప్పుడు దాని తండ్రి వీర్యమే మళ్లీ వాడకుండా చూసుకోవాలి. లోపంతో దూడ పుడితే దిష్టి తగిలిందని ఊరుకోక పశువైద్యుడికి చెప్పాలి.

మేనరికాలు వద్దని పిల్లల విషయంలో పెద్దలు ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నారు. కొట్టంలోని పెయ్యకూ ఆ మాటే వర్తిస్తుంది మరి!