బొటనవ్రేలు కోరిన గురువు పేరే కావలెనా?

క్రీడాశిక్షకులకు కేంద్రప్రభుత్వం 1985 నుండి ఇస్తున్న పురస్కారానికి ద్రోణాచార్యుని పేరు పెట్టారు. పెట్టినవారు ఆదిపర్వం సగమే చదివారని నా అభియోగం. అర్జునుణ్ణి మేటి విలుకానిగా తీర్చినవాడు ద్రోణుడే, కాదనను. ఆ మేటితనానికి పోటీ లేకుండా చేయడానికి, తాను ఒక్క పాఠమైనా చెప్పని నిషాదబాలుని కుడిచేతి బొటనవ్రేలు దక్షిణగా పుచ్చుకున్నవాడూ ఆయనే. ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా "ఏకలవ్యుడు ఏం తప్పు చేశాడు మాస్టారూ?" అని పిల్లలు అడిగేవారు. బలిఘట్టం నుండి ఆ ప్రశ్ననే ఢిల్లీకి పంపుతున్నాను.

హైదరాబాదులో వేరొక గురువు ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో జననం. ఉస్మానియాలో చదివే రోజుల్లో ఫుట్‌బాల్ ఆటగాడు. వృత్తిచేత బడిపంతులు, తరువాత చాదర్‌ఘాట్ మొదలైన పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడు. 1950 మొదలు 1963లో కాన్సరుతో కన్నుమూసేవరకు హైదరాబాదు పోలీసు జట్టుకు, భారతజట్టుకు కూడా శిక్షకుడు. పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది.

ఈ పతకాలకంటె నన్ను ఆకట్టుకున్నది మరొకటి. హైదరాబాదులో ఆయన ఒక వింత పోటీ నడిపాడు. ఆటగాడు తన బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి! ద్రోణుడు బలమున్న వ్రేలు తీయించాడు. ఈ పంతులు బలంలేని కాలికి పాఠం చెప్పాడు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. చివరకు నాలుగవ స్థానం. "హంగరీ రాలేదు గనుక తొలిరౌండు ఊరకే దాటారు" అని పెదవి విరిచేవారున్నారు. హంగరీ రాలేదు, నిజమే. ఆస్ట్రేలియా వచ్చింది గదా! జకార్తా ఫైనల్లో తలకు కుట్లుపడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో ఆడించింది కూడా అదృష్టమేనా? దక్షిణకొరియాపై 2-1 గెలుపులో ఒక గోలు అతనిదే.

ఆ మెల్బోర్న్‌లోనే మరో ఫుట్‌బాల్ ఉంది, చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. అదే 1956లో మెల్బోర్న్ క్లబ్బును విజేతగా నిలిపినవాడు నార్మ్ స్మిత్, పూర్వం ఆ క్లబ్బు ఆటగాడే. 1965లో క్లబ్బు ఆయనకు ఉద్వాసన చెప్పి, కొద్దిరోజులకే వెనక్కు పిలిచింది (యాజమాన్యాలు ఎక్కడైనా ఒకటే). అయినా 1979 నుండి ఫైనల్లో ఉత్తమ ఆటగానికిచ్చే పతకం ఆయన పేరనే ఉంది. వారు పురాణాలు తిరగేయలేదు. కళ్లెదుట మైదానంలో తిరిగిన మనిషి పేరు పెట్టుకున్నారు. మన రహీం పేరు జనం నోట పడడానికి 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా రావలసివచ్చింది.

ద్రోణుని పేరు మార్చితే సంస్కృతికి అపచారమట! ఆయన భారతంలో ఎక్కడికీ పోడు. భీష్ముని తరువాత సేనాపతి ఆయనే, ఆ పర్వానికి పేరూ ఆయనదే. పురస్కారం మాత్రం రహీం పేర ఉండాలి. ఢిల్లీ వినకపోతే రెండు తెలుగు ప్రభుత్వాలైనా బడుల్లోని వ్యాయామోపాధ్యాయులకు ఆ పేరుతో ఒకటి నెలకొల్పాలి. ఆటల పీరియడును లెక్కలకు అప్పగించి, ఆ ఉపాధ్యాయుణ్ణి ప్రార్థనవేళ ఈల ఊదడానికే ఉంచుకున్న బడులు నేనెన్నో ఎరుగుదును.