గుండె కొట్టుకుంటున్నా మరణమేనా?



మల్కాజ్‌గిరిలో ఉంటున్న ఒక సహోదరి కుమారుడు బండి మీద నుండి పడి, తలకు దెబ్బ తగిలి ఐసీయూలో ఉన్నాడు. ప్రార్థనకు రమ్మంటే మేము వెళ్లాము. మెదడు చనిపోయిందని డాక్టర్లు చెప్పి, అవయవదానం సంగతి అడిగారు. "అయ్యగారూ, ఒళ్లు వెచ్చగున్నది, గుండె కొట్టుకుంటున్నది. నా కొడుకు చచ్చిపోయిండని ఎట్ల సంతకం పెట్టాలె?" అని ఆ తల్లి మమ్మును అడిగింది. మేము ప్రార్థన చేశాము గాని జవాబు చెప్పలేకపోయాము. ఆమె సంతకం పెట్టలేదు. మూడో రోజు గుండె కూడా ఆగింది. మా మౌనం మమ్మును నేటికీ బాధిస్తున్నది.

ఆమెది తెలివితక్కువ ప్రశ్న కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, ప్రాణమున్న గుర్తులన్నీ శాశ్వతంగా పోవడమే మరణం అంటుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం, బ్రెయిన్ స్టెమ్ పని తిరిగి రాకుండా ఆగిపోయినా అది మరణమే అంటుంది. మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే భాగమది. ఊపిరి తీయించేది అదే. గుండెకు తన సొంత కొట్టుకునే శక్తి ఉంది గనుక, వెంటిలేటరు గాలి అందిస్తున్నంతసేపు కొంతకాలం కొట్టుకుంటుంది. కోమా వేరు, కోమాలో ఉన్నవారు బ్రతికే ఉన్నారు. అందుకే నలుగురు డాక్టర్లు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలని నియమం. అవయవాలు మార్చే డాక్టర్లు ఆ నలుగురిలో ఉండరు.

మరణమంటే ఎడబాటు అని మనం ప్రతి సమాధి కార్యక్రమంలో బోధిస్తాము. ఆత్మ లేని శరీరం మృతమని యాకోబు 2:26 నేర్పుతుంది. ఆదికాండము 2:7లో మంటితో చేసిన నరుడు జీవించింది దేవుడు ఊదిన ఊపిరితోనే. బైబిలు వైద్యశాస్త్ర గ్రంథం కాదు. అయినా తనంతట తాను ఇక ఎన్నటికీ ఊపిరి తీసుకోలేని దేహంలోకి యంత్రం గాలి పంపుతుంటే, దానిని జీవమని మేము చెప్పలేము. ఆ బిడ్డ అప్పటికే ప్రభువునందు నిద్రించాడని మేము నమ్ముచున్నాము.

"దేవుడు అద్భుతం చేస్తే?" అని కొందరు అడుగుతారు. తప్పక చేయగలడు. అయితే నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరును లేపడానికి ఆయనకు వెంటిలేటరు అవసరం రాలేదు. అవయవాలు ఇస్తే పునరుత్థానంలో లోటుండదు. మంటిలో కలిసిపోయిన దేహాలను లేపే దేవునికి ఒక మూత్రపిండం అడ్డమా?

దానం చేయనివారు పాపం చేశారని మేము అనము. అది బలవంతంగా తీసుకునేది కాదు, ప్రేమతో ఇచ్చేది. మన రాష్ట్రంలో జీవన్‌దాన్ ద్వారా ఇష్టమున్నవారు ముందుగానే పేరు నమోదు చేసుకోవచ్చు. అయినా చివరికి ఇంటివారినే అడుగుతారు. కాబట్టి ఈ మాట ఆసుపత్రి వరండాలో మొదలు కాకూడదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఇంట్లో మాట్లాడుకోండి. సందేహముంటే మమ్మును అడగండి. ఈసారి మౌనంగా ఉండము.

మరణమును జయించిన ప్రభువు మిమ్మును ఆదరించును గాక. ఆమేన్.