చెత్తజాబుల జల్లెడ

స్వంత మెయిలు సర్వరు నడుపుకొను సోదరీమణులు కొందఱు, స్పామ్‌అసాసిన్ అను జల్లెడ నమర్చినను చెత్తజాబులు ఆగుటలేదని మాకు వ్రాయుచున్నారు. అది ప్రతి జాబునకును లక్షణములను బట్టి మార్కులు వేయును; మొత్తము 5 చేరినచో చెత్తయని గుర్తు పెట్టును. విసిగి ఆ 5ను 2కు దింపినవారును కలరు. ఇది మాకు సమ్మతము కాదు. చెత్తజాబు వచ్చినచో ఒక్క క్షణము పోవును. కుమార్తెను కొలువునకు రమ్మని పిలిచిన జాబు పోయినచో నేమి చేయుదుము?

హద్దు నట్లే యుంచి జల్లెడకు చదువు చెప్పుడు. అందలి బేయెస్ పద్ధతి చెత్తజాబులు 200, మంచిజాబులు 200 చూచినగాని తీర్పు చెప్పదు. పలువురు చెత్తనే చూపి మంచివానిని మఱతురు. బియ్యమెఱుగని పిల్ల రాళ్లేఱగలదా? తగిలిన నిబంధనల పేర్లు జాబు హెడరులోనే యుండును. అచ్చట బేయెస్ పేరు కానరానిచో చదువు చేరలేదనియే యెఱుగవలెను. నేర్పిన ఖాతా యొకటి, జల్లెడ నడచు ఖాతా మఱియొకటి యగుట దీనికి తఱచు కారణము.

చెత్తయని తేలినదానిని వెంటనే పాఱవేయక వేఱొక అఱలో నుంచి, వారమున కొకమాఱైనను చూచుచుండుడు.