చూడవలసినవి, చూడకూడనివి



క్రిస్మసు పనులు ముగిసి, మిరప కోతలు ముమ్మరం కాకముందు, చందర్లపాడు ప్రాంతపు సంఘ కుటుంబాలు కొన్ని కలిసి అండమాను దీవులకు వెళ్ళివచ్చాము. వచ్చినది మొదలు నందిగామలోగాని జగ్గయ్యపేటలోగాని ఎవరు కనబడినా "ఏమేమి చూశారండీ, పాస్టరుగారూ?" అని అడుగుతున్నారు. చూసినవాటిని చెప్పటం తేలిక. కావాలనే చూడకుండా వచ్చినది కూడా ఒకటుంది. సెలవులకు పిల్లలతో అక్కడికి ప్రయాణం కట్టాలనుకునే కుటుంబాలు మన పాఠకుల్లో ఉన్నాయి గనుక, దానిని గురించి కూడా ఈ నెల వ్రాస్తున్నాము.

చెన్నై నుండి ఓడలో వెళ్ళాము. సుమారు మూడు రోజుల ప్రయాణం. కృష్ణ ఒడ్డున పుట్టి, లంకలు తప్ప వేరే దీవులు ఎరుగని మావాళ్ళకు, ఏ దిక్కు చూసినా ఒడ్డు కనబడని నీరు మొదటి రోజు భయం పుట్టించింది. రెండవ రోజు వాంతులతో సరిపోయింది. మూడవ రోజు నీలపు నీటి మీద నల్లగా కొండలు లేచాయి. ఆ దీవులు మన లంకల వలె చదునుగా ఉండవు. సముద్రంలో మునిగిన పర్వతాల వరుసకు అవి శిఖరాలు. ఒడ్డు దగ్గర నుండే ఏటవాలుగా అడవి మొదలవుతుంది. ఉత్తర అండమానులోని శాడిల్ పీక్ శిఖరం 732 మీటర్ల ఎత్తు.

మనం పోర్ట్ బ్లెయిర్ అని పిలుచుకున్న ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. బజారులో దిగగానే తెలుగు వినబడింది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుండి వేటకూ కూలి పనులకూ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ ఎన్నో. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అటువంటి కుటుంబం ఒకటి మమ్మును భోజనానికి పిలిచి, చేపల పులుసుతో అన్నం పెట్టింది. "మన జిల్లాల్లో వానలు పడ్డాయా?" అని ఆ ఇంటి పెద్దమ్మ మొదట అడిగిన మాట.

సెల్యులర్ జైలు చూశాము. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించిన కట్టడం. ఏడు బారులలో దాదాపు 700 కొట్లు ఉండేవి. ఇప్పుడు మూడు బారులే మిగిలాయి. ఒక కొట్లోని వానికి మరొకని ముఖం కనబడకుండా కట్టారు. మా యౌవనస్థులు ఒక కొట్లోకి వెళ్ళి తలుపు వేసుకొని నవ్వారు. కొద్దిసేపటికి నవ్వు ఆగిపోయింది.

మరునాడు పడవలో రాస్ ద్వీపానికి వెళ్ళాము. 2018లో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు పెట్టారు. 1858 నుండి సుమారు ఎనభై ఏళ్ళు తెల్లదొరల ముఖ్య స్థావరం అదే. అక్కడొక రాతి చర్చి పాడుబడి ఉన్నది. కప్పు లేదు. మర్రి జాతి చెట్ల వేళ్ళు గోడలను పెనవేసుకొని పట్టుకున్నాయి. అందరూ ఫొటోలు తీసుకున్నారు, మేమూ తీసుకున్నాము. అయితే దాని ముందు నిలబడినప్పుడు ఒక సంగతి మనస్సును పట్టుకున్నది. ఆ దీవి మీద అడవి నరికి భవనాలు లేపినది సంకెళ్ళతో తెచ్చిన ఖైదీలు. ఆదివారం లోపల కీర్తన పాడినవారికి, వారమంతా బయట వినబడిన సంకెళ్ళ చప్పుడు అడ్డురాలేదు కాబోలు.

ఇక చూడకుండా వచ్చిన సంగతి. బారాటాంగ్ అనే దీవిలో సున్నపురాతి గుహలు, బురద ఉబికే చిన్న కొండలు ఉన్నాయి. అక్కడికి వెళ్ళే అండమాను ట్రంకు రోడ్డు జరవా అనే ఆదివాసుల అడవిలో నుండి పోతుంది. జరవాలు కొన్ని వందల మందే. వేలాది సంవత్సరాలుగా వేట మీద, అడవి మీద బ్రతుకుతున్నవారు. బండ్లను కాన్వాయిగా పంపుతారు. దారిలో ఆపకూడదు, ఫొటో తీయకూడదు, తినేది ఏదీ ఇవ్వకూడదు. అయినా ఏమి జరిగిందో 2012లో లోకమంతా చూసింది. తిండి ఆశ చూపి జరవా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియో బయటికి వచ్చింది. ఆ రోడ్డును రిజర్వులో మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

మాకు బస చూపించిన ఏజెంటు, "గుహలు సరే, అదృష్టముంటే దారిలో జరవాలు కూడా కనబడతారు" అన్నాడు. ఆ మాట మా గుంపును రెండుగా చీల్చింది. "ఇంత దూరం వచ్చి గుహలు చూడకపోతే ఎట్లా?" అని కొందరు. "మనుష్యులను చూడటానికి అదృష్టమేమిటి? జంతుప్రదర్శనశాలా?" అని మా సంఘపు పెద్దమ్మ ఒకామె. ఆమె జీవితమంతా మిరప చేలలో కూలికి వెళ్ళిన మనిషి. "మనం కల్లంలో వంగి పనిచేస్తుంటే కార్లు ఆపి ఫొటోలు తీసేవాళ్ళను చూశాను నాయనా, ఎట్లా ఉంటుందో నాకు తెలుసు" అన్నది. ఆ తరువాత ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. మేము బారాటాంగ్ మానుకొని హేవ్‌లాక్‌కు, అనగా స్వరాజ్ ద్వీపానికి పోయాము. గుహలు చూడలేదని ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ నొచ్చుకుంటున్నారు. వారి బాధ కూడా న్యాయమే, గుహలు చూడాలనుకోవటం తప్పు కాదు.

ఆ రాత్రి ఒక యౌవనస్థుడు మరింత కఠినమైన ప్రశ్న వేశాడు. "అయ్యగారూ, సర్వలోకానికీ వెళ్ళమని గదా మనం ప్రసంగిస్తాము. మరి వారి దగ్గరకు ఎవరూ వెళ్ళకూడదంటే?" ఉత్తర సెంటినెల్ ద్వీపం సంగతి అతడు విన్నాడు. 2018 నవంబరులో జాన్ అలెన్ చౌ అనే 26 ఏళ్ళ అమెరికా యువకుడు, నిషేధాన్ని దాటి సువార్త చెప్పాలని అక్కడ దిగి, ఆ ద్వీపవాసుల చేతిలో చనిపోయాడు. డబ్బు తీసుకొని తీసుకువెళ్ళిన జాలరులు అరెస్టయ్యారు. అతని ప్రేమను మేము అనుమానించము. కాని ప్రేమకు జ్ఞానం కూడా తోడుండాలి.

ఆ దీవుల చరిత్ర చూడండి. 1880లో పోర్ట్‌మన్ అనే అధికారి సెంటినెల్ నుండి ఒక ముసలి దంపతులను, నలుగురు పిల్లలను పట్టుకువచ్చాడు. ముసలివారిద్దరూ జబ్బుపడి చనిపోయారు. పిల్లలను కానుకలతో తిరిగి దింపారు. గ్రేట్ అండమానీయులు తెల్లవారు వచ్చేనాటికి వేల సంఖ్యలో ఉండేవారు. 1877 నాటి తట్టు వంటి వ్యాధులతో క్షీణించి, ఇప్పుడు సుమారు యాభై మంది మిగిలారు. మన పిల్లలకు వచ్చి పోయే జలుబు, తట్టు, వాటిని ఎరుగని శరీరాలకు మరణం. రక్షణ వార్త తీసుకువెళ్ళే నోటి ఊపిరే వారికి చావు తేవచ్చునంటే, ఆగటం అవిశ్వాసం కాదు, పొరుగువాని ప్రాణాన్ని లెక్కచేయటం.

మరి సువార్త ఆ సముద్రంలో ఎక్కడా నిలవలేదా? నిలిచింది. కార్ నికోబార్ ద్వీపంలో వేదప్పన్ సాలొమోన్ అనే తమిళ ఉపదేశి సంవత్సరాల తరబడి కాపురముండి పిల్లలకు చదువు చెప్పాడు. ఆ శిష్యుల్లో ఒకరు బర్మాలో చదివి తిరిగివచ్చి, స్వజనుల మధ్యనే బిషప్ జాన్ రిచర్డ్‌సన్ అయ్యారు. నికోబారు భాషలోకి క్రొత్త నిబంధనను తెచ్చారు. 1952లో ఆ దీవుల తరఫున తొలి లోక్‌సభ సభ్యుడుగా నియమితులయ్యారు. అక్కడ పని జరిగింది కలిసి బ్రతకటం వలన, వారి భాష నేర్చుకోవటం వలన.

మెలితే ద్వీపంలో పౌలు సంగతి ఆ రాత్రి కలిసి చదువుకున్నాము. ఓడ పగిలి వణుకుతూ చేరినవాడు ఆయన. మొదట దయ చూపింది ద్వీపవాసులు. పౌలు తానే పుల్లలు ఏరి మంటలో వేశాడు, పొప్లి తండ్రి జబ్బుపడితే ప్రార్థన చేశాడు. అతిథిగా ప్రవర్తించాడు.

కుటుంబాలతో అండమాను వెళ్ళేవారికి మా విన్నపం ఇది. కొండలను, పగడపు దిబ్బలను, నీలి నీటిని తనివితీర చూడండి. పగడాలు త్రొక్కకండి, గవ్వలు ఏరి సంచిలో వేసుకోకండి. జైలు దగ్గర పిల్లలకు చరిత్ర చెప్పండి. మనుష్యులను చూపిస్తామని ఎవరైనా అంటే వద్దని చెప్పండి, ఎందుకో పిల్లలకు వివరించండి. ఆ యౌవనస్థుని ప్రశ్నకు మా జవాబు అతనికి పూర్తిగా తృప్తినిచ్చిందని చెప్పలేము. మీ ఇంట్లో కూడా ఆ ప్రశ్న వేసుకొని, కుటుంబ ప్రార్థనలో జరవాలను, సెంటినెల్ వాసులను, ఆ దీవులలోని మన తెలుగువారిని జ్ఞాపకం చేసుకోండి.