పొలపు బోరునీరు – మన యెముకలు

సంతలో ఎద్దును కొనబోవు రైతు మొట్టమొదట దాని నోరు తెరచి పండ్లు చూచును. ఆ రైతే తన బిడ్డ పండ్లమీద గోధుమవన్నె చారలు కనబడినచో, సరిగా తోముకొనలేదని మందలించి యూరకుండును. ఈ విషయమునుగూర్చి మన సంఘ సభ్యులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

మేము మిషను పాఠశాలలో చదువు దినములలో మనుష్య శరీరమున 206 ఎముకలు గలవని వల్లెవేసితిమి. ఎముక యనగా రాయివలె మార్పులేనిదని తలచెడివారము. అది పొరపాటు. ఎముక జీవితాంతము అరుగుచు, తిరిగి పూడుచు, రక్తమునుండి సున్నమును గ్రహించుచుండును. త్రాగునీట ఫ్లోరైడు అధికమైనచో దానినిగూడ గ్రహించును. మూత్రపిండములు కొంత వెడలగొట్టగా, దేహమున నిలిచిపోవు ఫ్లోరైడులో నూటికి 99 పాళ్లు ఎముకలయందును పండ్లయందును చేరును. ఎనిమిదేండ్లలోపు బిడ్డలకు పండ్లు గారకట్టినట్లగును. పెద్దలకు ఏండ్లు గడచిన పిమ్మట కీళ్లు బిగియును, మెడ తిరుగదు, వెన్ను కొయ్యబారును. ముదిరినచో నరములు నొక్కుకొని కాళ్లు చచ్చుబడును. అట్లు వంగిన వెన్నును తిరిగి నిలుపు మందు లేదు.

ఈ వ్యాధిని మన దేశమున మొదట గుర్తించినది తెలుగునాటనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి మొదలగువారు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో దీనిని పరిశీలించి ప్రకటించిరి. అంతకు మునుపే అచటి రైతులు తమ యెద్దులు కీళ్లు బిగిసి నడువలేకుండుట కనిపెట్టిరని చెప్పుదురు. పశువును చూచిన కన్ను మనుష్యుని చూచుటకు ఆలస్యమైనది!

మన అనంతపురము జిల్లాయందును ఈ బాధ గలదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. క్రింద నల్లరాతి నేల. బావులు ఎండగా బోర్లు లోతునకు దిగినవి. రాతిసందులలో చిరకాలము నిలిచిన నీరు ఆ రాతియందలి ఫ్లోరైడును కరగించుకొనును. కణేకల్ చెరువు క్రిందను, తుంగభద్ర యెగువ కాలువ ప్రక్కను ఉన్నవారు కొంత అదృష్టవంతులు. తక్కినవారికి బోరే దిక్కు.

కొందరు, "ఊరికి కుళాయినీరు వచ్చినది గదా" యందురు. నిజమే. 1990 దశకమున సత్యసాయి నీటి పథకము మొదలుగా జిల్లాలో మంచి కార్యములు జరిగినవి. కాని ఎండకాలమున కూలివారును, రైతును పగలంతయు త్రాగునది పొలమందలి బోరుగొట్టపు నీరే గదా! ఇంట రెండు చెంబులు, పొలమున పది చెంబులు. పైరుకని వేసిన బోరు మనుష్యుని దాహము తీర్చుచున్నదని ఎవ్వరును లెక్కగట్టుట లేదు.

మా తప్పునుగూడ చెప్పుకొందుము. నడుము పట్టినదని చెప్పిన రైతులకు, వేరుశనగ చెట్లు వంగి పీకుటచేత వచ్చినదనియు, నూనె మర్దించుకొనుడనియు మేమే యేండ్ల తరబడి చెప్పితిమి. నీటి సంగతి అడుగనేలేదు. ఇప్పుడైనను ఇంట మూడు పరీక్షలు చేసికొనవచ్చును. మోకాళ్లు వంచక నేలమీది నాణెమును తీయుట. గడ్డమును రొమ్మున కానించుట. చేతులు చాచి, పిమ్మట మడిచి తలవెనుక తాకించుట. ఇవి చేయలేకున్నంతమాత్రమున వ్యాధి నిశ్చయమని కాదు. వైద్యునికి చూపవలెనని మాత్రమే.

నీరు కాచిన ఫ్లోరైడు పోదు సరిగదా, నీరు తరిగి మరింత చిక్కనగును. పటిక, సున్నములతో దానిని తగ్గించు నల్లగొండ పద్ధతిని నాగపూరు నీరీ సంస్థవారు కనుగొనిరి గాని, పాళ్లు తెలియక ఇంట చేయరాదు. రాగిసంగటి, పాలు, ఆకుకూరలు కొంత మేలుచేయును. నీటి దోషమును మాత్రము అవి తీర్పవు.

మా అభిప్రాయమిది. బోరునకు అప్పిచ్చునపుడు సంఘము భూమి పత్రములు చూచును, జామీను చూచును. ఆ నీటి పరీక్ష పత్రమునుగూడ ఏల చూడరాదు? లీటరునకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మేలు. వేరు నీరు లేనిచోట 1.5 వరకు సమ్మతము. అంతకు మించిన బోరుకడ "త్రాగరాదు" అని ఎఱ్ఱరంగుతో వ్రాసి, కూలివారికి ఇంటినుండి కడవ తేవలెను. పరీక్షకగు వ్యయము అప్పుమొత్తముతో పోల్చిన మిక్కిలి స్వల్పము. దీనిని వ్యతిరేకించువారు ఖర్చునేగాక, తమ పాలేరు వెన్నునుగూడ లెక్కవేయుదురుగాక.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదింపనున్నాము. వచ్చువారు తమ పొలపు బోరునీటిని ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలో నింపి, పేరును సర్వే నంబరును అంటించి తీసికొనిరండు. గాజుసీసా వలదు; ఫ్లోరైడు గాజునకు అంటుకొని లెక్క తప్పును.