షల్లా బాల్ కూడా వలసపోయిందట

సెలవుల్లో మా ఇంట్లో పెద్ద గొడవైంది. ఆస్తి గొడవ కాదు లెండి, సిల్వర్ సర్ఫర్ గొడవ. ఒంటినిండా వెండిపూత పూసినట్టుండి, ఒక పలక మీద నిలబడి నక్షత్రాల మధ్య తిరిగే కామిక్ హీరో అతను. 1966లో అమెరికా పుస్తకాల్లో మొదటిసారి కనిపించాడు. రచయిత స్టాన్ లీ అనుకున్న కథలో లేకపోయినా, బొమ్మలేసే జాక్ కిర్బీ తనంతట తానే గీసి పెట్టేశాడట.

ఇదంతా ఇంటర్ చదివే మావాడు చెప్పిందే. వాడు చెబుతుంటే నేను శనక్కాయలు ఒలుచుకుంటూ వింటాను.

అతని పూర్వకథ 1968లో వచ్చింది. అసలు పేరు నోరిన్ రాడ్, జెన్-లా అనే గ్రహం అతనిది. గ్రహాల్ని తిని ఆకలి తీర్చుకునే గెలాక్టస్ మీదికొస్తే, "మా గ్రహాన్ని వదిలెయ్, నీ దగ్గర కొలువు చేస్తా" అని అతని వెంట వెళ్లిపోతాడు. ప్రేమించిన షల్లా బాల్ అక్కడే ఉండిపోతుంది. తర్వాత ఎదురు తిరిగితే, ఇంటికి పోలేకుండా గెలాక్టస్ అతన్ని భూమి మీదే బంధిస్తాడు.

మా అనంతపురం వాళ్లకి ఇందులో వింతేముంది చెప్పండి? వాన మొహం చాటేసి శనక్కాయ ఎండిపోయిన ఏడాది, ఊళ్లకి ఊళ్లే బెంగళూరు బస్సెక్కుతాయి.

గొడవ మాత్రం 2025లో వచ్చిన సినిమా గురించి. అందులో సర్ఫర్ ఆడమనిషి. షల్లా బాలే. తన గ్రహాన్నీ బిడ్డనీ కాపాడుకోవడానికి ఆమే కొలువుకి పోతుంది. "ఆమె ఇంటికాడ ఎదురుచూడాల కదమ్మా, కథంతా చెడగొట్టినారు" అని మావాడి కోపం.

పక్కనే హోంవర్క్ రాసుకుంటున్న మా అక్క కూతురు తలెత్తింది. "చిన్నమ్మా, ఆమె బిడ్డ ఎవరి దగ్గరుంటుంది?"

మావాడు గమ్మునైపోయాడు. నేనూ అంతే.

మా అక్క కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. వెళ్లి నాలుగేళ్లు. కదిరి వైపు నుంచి అలా పోయిన ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంది, రావాలనుకున్నా చేతిలో లేదు. అదే మా బావ బెంగళూరులో మేస్త్రీ పనికి పోయినప్పుడు "పాపం, ఇంటి కోసం కష్టపడుతున్నాడు" అన్నవాళ్లే, అక్క పోతే "బిడ్డనొదిలి ఎట్ల పోయిందో" అన్నారు. ఇంతెందుకు, మొదటి ఏడాది పిల్లకి జ్వరమొచ్చినప్పుడు నేనూ ఫోన్లో ఆ మాటే అన్నాను. అక్క ఏం మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.

కాబట్టి సినిమా కథని చెడగొట్టిందంటే నేనొప్పుకోను. పోవడం మగవాడి వంతు, ఎదురుచూడటం ఆడదాని వంతు అని పుస్తకాలు గీసుకున్నాయి కానీ, కరువు అట్లా చూసి పంచలేదు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆ బిడ్డని ఎత్తుకున్నవాళ్ల మీద కూడా ఒక పుస్తకం రావాల్సింది.

శుక్రవారం అక్క ఫోన్ చేస్తే పిల్ల కథంతా పూసగుచ్చినట్టు చెప్పింది. అక్క ఆఖరిదాకా విని అడిగింది:

"ఆ వెండామెకి జీతమెంతంట?"