మొండి ఇంజన్లకు కాలం చెల్లింది
ఇ20 పెట్రోలు, బీఎస్‌-6తో మారిన లెక్కలు.. సెకండ్‌హ్యాండ్‌ కార్ల యజమానుల్లో గుబులు

వట్లూరు (ఏలూరు జిల్లా): పాత కారు ఇంజను ఇనుపగుండు, కొత్త కారు ఇంజను గాజుబొమ్మ. జాతీయ రహదారి వెంబడి మెకానిక్‌ షెడ్ల వద్ద తరచూ వినిపించే ఈ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియకపోవడంతోనే పల్లెల్లో పాత కార్లు కొన్నవారి జేబులు ఖాళీ అవుతున్నాయి.

1958లో మొదలై 2014 మే వరకు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌నే తీసుకుంటే, దశాబ్దాలపాటు దాన్ని నడిపించింది బ్రిటిష్‌ మోటార్‌ కార్పొరేషన్‌ రూపకల్పన చేసిన 1,489 సీసీ ఇంజను. బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. గోడలు దళసరి. సిలిండరు అరిగితే బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేసేవారు. అదీ అరిగితే స్లీవు దించి మళ్లీ మొదటి కొలతకు తెచ్చేవారు. అంటే ఆ ఇంజను గొప్పదనం అరగకపోవడంలో లేదు. అరిగిన ప్రతిసారీ ఊళ్లోనే, తక్కువ ఖర్చుతో బాగుపడటంలో ఉంది. అంత పెద్ద ఇంజను ఇచ్చింది మాత్రం సుమారు 50 అశ్వశక్తి. 2024లో వచ్చిన మారుతీ స్విఫ్ట్‌ 1,197 సీసీతోనే 80 అశ్వశక్తి ఇస్తోంది.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800తో తేలికపాటి ఇంజన్ల యుగం ఆరంభమైంది. నేటి ఇంజన్లలో చాలావరకు అల్యూమినియం బ్లాకులే. యంత్రాల కచ్చితత్వం, మెరుగైన ఆయిళ్ల పుణ్యమా అని వేళకు ఆయిలు మారిస్తే రెండు లక్షల కిలోమీటర్ల వరకు హెడ్డు విప్పాల్సిన పని పడకపోవడం వింతేమీ కాదు. అయితే మొరాయించినప్పుడే అసలు చిక్కు. స్పానర్లతో పాటు స్కానరూ కావాలి. అది లేని షెడ్డులో ఒక్క సెన్సరు చెడినా బండి కదలదు.

కొల్లేరు ప్రాంతంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో కొల్లేరు పొంగి ఏలూరు-కైకలూరు రహదారి మీదుగా నీరు ప్రవహించింది. పాత కారు అలాంటి నీటిలో ఆగితే డిస్ట్రిబ్యూటరు తుడిచి ఆరబెట్టి స్టార్టు చేసేవారు. కొత్త కారులో కంప్యూటరు, వైరింగు తడిస్తే అంత సులువుగా తేలదు. ఇక సిలిండర్లలోకి నీరు చేరిందంటే పాతదైనా కొత్తదైనా ఒకటే. నీరు కుదించుకుపోదు గనుక స్టార్టు చేస్తే కనెక్టింగ్‌ రాడ్లు వంగిపోతాయి. బండిని తోసుకుంటూ బయటకు తేవడమే మేలు.

2020 ఏప్రిల్‌ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 ప్రమాణాలతో డీజిలు కార్లకు డీపీఎఫ్‌ అనే మసి వడపోత వచ్చింది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా సాగాలి. చెరువు గట్ల మీద రోజూ నాలుగైదు కిలోమీటర్లు నిదానంగా తిరిగే ఆక్వా రైతు కారులో అది మూసుకుపోతుంది. ఇది ఇంజను లోపం కాదు, వాడకానికి తగని ఎంపిక. అమ్మేటప్పుడు ఈ ముక్క చెబితే ఎంతో మేలు.

తాజా గుబులు ఇ20 పెట్రోలుది. 2030 నాటికి పెట్టుకున్న 20 శాతం ఇథనాల్‌ లక్ష్యాన్ని ముందుకు జరపగా, 2025లోనే అది నెరవేరింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గక తప్పదు. పైగా అది తేమను పీల్చుకుంటుంది, పాతరకం రబ్బరును దెబ్బతీస్తుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటి గొట్టాలు, సీళ్లు దీన్ని దృష్టిలో ఉంచుకొని చేసినవి కావు. ఇథనాల్‌ కలపని పెట్రోలునూ అందుబాటులో ఉంచాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తోసిపుచ్చింది. మొక్కజొన్న, నూకల నుంచీ ఇథనాల్‌ తీస్తున్నందున మెట్ట మండలాల రైతుకు ఇది తీపి కబురే. అదే రైతు ఇంట్లోని పాత కారుకు మాత్రం చేదు మాత్ర.

పాత కారులో పెట్రోలును నెలల తరబడి నిల్వ ఉంచకపోవడం, ఇంధన గొట్టాలను, సీళ్లను ఇ20ను తట్టుకునే రకంతో మార్పించడం ప్రస్తుతానికి యజమానుల చేతిలో ఉన్న పని. మెకానిక్కుల సంగతి వేరు. వట్లూరులోని సర్‌ సి.ఆర్‌.రెడ్డి ఇంజినీరింగ్‌ కళాశాల 1989 నుంచి నడుస్తోంది. అక్కడి మెకానికల్‌ విభాగం ప్రయోగశాల సెలవు దినాల్లోనైనా పెదపాడు, దెందులూరు మండలాల షెడ్ల కుర్రాళ్లకు తెరుచుకుంటే, స్కానరు కోసం బండిని విజయవాడ వరకు లాక్కెళ్లే ఖర్చు తప్పుతుంది.